చొక్కా గుండీ అంత నోరు

కెంటకీలో, మే నెల పున్నమికి ముందురోజు
ఒర్లెటా పడవ మోటారు ఆపి
గాలి పీల్చింది.
"దోసకాయ కోసిన వాసన. కింద గుడ్ల గుంటలున్నాయి."

నేను వానపాము గుచ్చబోతే చెయ్యి పట్టుకుంది:
అది పిల్లచేపల ఫలహారం.
పెద్ద బ్లూగిల్‌కి కీచురాయి కావాలి,
మెడ వెనక పెంకు కింద గుచ్చు, కాళ్ళు ఆడనీ.
ఎంత బలిసినా దాని నోరు చొక్కా గుండీ అంత,
అందుకే చిన్న గాలం.

బెండు మునగలేదు.
పక్కకు నడిచింది, అంతే.

అరచేతిలో ఇమడని మగచేప,
రాగిరంగు రొమ్ము, చెవి దగ్గర సిరాచుక్క.
ఇంట్లో మూకుడు గుర్తొచ్చింది నాకు.

ఆమె గాలం మెల్లగా తిప్పి తీసి
"ఆ గుంటకు కాపలా వీడే" అంటూ
నీళ్ళలోకి జార్చింది.

తడిచెయ్యి మాత్రం
నా చొక్కాకే తుడుచుకుంది.