పదమూడో బ్లాకు రిజిస్టరు

నీలం అట్ట రిజిస్టరుల నేనే గీసిన గీతలు:
పేరు, ఫ్లాటు నంబరు, కష్టం ఏంది,
ఎవరికి చెప్పినం, తీరిందా.
ఆఖరి గడి అన్నిటికంటె సన్నం.
స్కేలు జారి అట్లయ్యింది.

తాళంచెవులు కొంగున కట్టుకొని
మనుషులు ముందుగాల వచ్చిన్రు.
రేషన్ కార్డు ఇంకా మూసీ ఒడ్డు దుకాణంలనే ఉన్నది.
పింఛను పాత అడ్రసు కాడ నిలబడి ఎదురుచూస్తున్నది.
పిల్లల టీసీలు ఏ బడి బీరువాలనో.
వీళ్ళేమో ఇక్కడ, తొమ్మిదంతస్తుల మీద,
అవుటర్ రింగు రోడ్డు చప్పుడు కిటికీలకెళ్ళి వినుకుంట.

ఎనిమిది వందల ఏడు, లచ్చవ్వ:
"ఇల్లు మంచిగున్నది బిడ్డా. గోడలు మంచిగున్నయి.
గని చేతికి ఉప్పు ఇస్తే కొట్లాటయితదంటరు గద,
అక్కడ పిట్టగోడ మీద పెట్టేటోళ్ళం,
అవతలామె తీసుకునేది.
ఇక్కడ పెట్టనీకె గంత పొట్టి గోడ యాడుంది?"

'కష్టం ఏంది' కింద 'ఉప్పు' అని రాసిన.
నెలాఖరు మీటింగుల సారు అడిగిండు,
ఉప్పు ఏందమ్మా?
రేషన్ సమస్య సార్, అన్న.
పెద్ద అబద్ధమేం కాదు.

మెహరాజ్ బీ, ఐదో అంతస్తు.
వారానికి మూడు దినాలు డయాలసిస్.
లిఫ్టు నడిస్తే రెండు బస్సులు.
నడవకపోతే ముందు తొంభై మెట్లు, తర్వాత రెండు బస్సులు.
ఉస్మానియాకు చేరేసరికి మంచం వేరేవాళ్ళదయితది.
బండి కోసం ఆఫీసుకు ఉత్తరం రాసిన.
'పరిశీలనలో ఉన్నది' అని జవాబు.
పరిశీలన అంటే మా బ్లాకుల పదో అంతస్తు.
అక్కడికి లిఫ్టు పోదు, మెట్లు కట్టలేదు.

ఒక మాపటి యాళ్ళ కరెంటు పోయి
ఫోను లైటుల పేజీలు తిప్పుతుంటె
నాలుగు పేజీల అవతల కనబడ్డది:
ఎర్రోళ్ళ పోశెట్టి, నూట పన్నెండు, ఆటో.
కష్టం: పొద్దుగాల సిటీకి ఖాళీగ పోవుడు, గ్యాసు పైసలు ఎల్తలేవు.
నా చేతిరాతనే.
నెలదినాలు ఆ రెండు కష్టాలు ఒక్క పుస్తకంల
ఒకదానికొకటి వీపు తిప్పి పండుకున్నయి,
నేను దాన్ని చంకల పెట్టుకొని
ఆఫీసుల చుట్టు తిరిగిన.
తెల్లారి ఐదుగంటలకు పోశెట్టి తలుపు కొట్టిన. అంతే.

ఇప్పుడు ఆ ఆటోల మెహరాజ్ బీ,
గుడిమల్కాపూర్ పోయే ఇద్దరు పూలోళ్ళు, వాళ్ళ ఖాళీ గంపలు.
ఆ మూడు దినాలు లచ్చవ్వ మూడంతస్తులు దిగొచ్చి
మెహరాజ్ బీ మనవరాలికి జడ ఏస్తది.
జడ ఎప్పటికీ ఎడమదిక్కే వంకర.
దిగిరమ్మని నేను చెప్పలే.
అది రిజిస్టరుల లేదు.

అన్నీ ఇట్ల కలుస్తయనుకోకుండ్రి.
మూడు వందల నాలుగు, కావలి కిష్టయ్య.
నలభై ఏండ్లు సున్నం కొట్టిన వేలు,
మిషిను మీద ముద్ర పడదు.
కన్ను పెట్టు తాతా, కంటితోని పడతదన్నరు.
కంట్ల శుక్లం.
ఆపరేషన్ క్యాంపు వచ్చే నెల అన్నరు.
ఆ వచ్చే నెల మూడుసార్లు వచ్చిపోయింది.
నేను పోతే ఇప్పుడాయన తలుపు తీయడు,
లోపట్నుంచే అంటడు:
"ఉన్న బిడ్డా. ఉన్న అని రాసుకో."

రాసుకున్న.

ఏడుగంటలకు ఆఖరు బస్సు.
లచ్చవ్వ గేటు దాక వచ్చింది,
లిఫ్టు నడుస్తున్న దినం.
"ఇన్ని దినాల సంది అడగనే లేదు,
నీది ఏ బ్లాకు?"
నాకు లాటరీల రాలే అవ్వా.
షాపూర్‌నగర్‌ల కిరాయి రూము,
దసరాకు ఇంకో ఐదొందలు పెంచుతడంట.
ఆమె నా చంకలున్న నీలం అట్ట దిక్కు చూసింది.
"మరి గది రాసినవా అండ్ల?"

బస్సు వచ్చింది.
సీటు దొరికింది గని
పెన్ను ఆఫీసుల మర్చిపోయిన.