అభ్యంతరాలేవైనా ఉంటే

పదిహేను రోజుల్లోగా చెప్పుకోవచ్చని కాగితం.
అది అంటించింది పదకొండో రోజున,
ఒడియాలో,
ఎవరూ వాడని మరుగుదొడ్డి తలుపు మీద.

వీధి వీధంతా నా బల్ల దగ్గరికొచ్చింది.
పర్లాకిమిడి కోర్టు ఎదర
ముప్పయ్యేళ్లుగా తెలుగులో విని ఒడియాలో రాసేవాణ్ణి.
పేజీకి నలభై రూపాయలు.
ఏడుపుకి వేరే రేటు లేదు.

"ఏటి రాసేరు బాబూ అందులో?"
దువ్వెనల వీధి తీసేసి
రెండంతస్తుల వాణిజ్య సముదాయం కడతారని,
కింద బళ్లు నిలిపే చోటు, పైన అద్దాల షాపులు,
పాత అద్దెదారుల విషయం పరిశీలించబడునని.
"పరిశీలించబడును అంటే?"
కింతలి గవరయ్య అడిగాడు.
ఎవరు పరిశీలిస్తారో
చెప్పకుండా తప్పించుకునే మాట, అన్నాను.

ప్లాను చూడ్డానికి తొమ్మిదిమందిమి వెళ్లాం.
మున్సిపాలిటీ గోడ మీద నీలం గీతల్లో మా వీధి,
ఎవరో ఉతికి ఆరేసినట్టు.
వేళ్లు దాని మీద తిరిగాయి.
కుళాయి దొరకలేదు.
రాజులమ్మ ఇడ్లీ పొయ్యి దొరకలేదు.
వానొస్తే బడిపిల్లలు దూరే
జెన్నా గారి రేకుల చూరు దొరకలేదు.
చెట్లు మాత్రం ఉన్నాయి, గుండ్రంగా,
ఎప్పుడూ లేని చోట ఆరు.

గవరయ్య జేబులోంచి కొమ్ముదువ్వెన తీశాడు.
తాత చేసిందట, నూనె తాగి తాగి నల్లగా మెరుస్తోంది.
కాగితానికి ఆనించి ఒక కన్ను మూసి చూశాడు.
"నా కొట్టు రెండు పళ్ల సందంత.
పేనే తప్పించుకోలేని సందు ఇది,
మనిషెలాగ దూరతాడు బాబూ?"
ఒడియాలో చెప్పాను.
ఇంజనీరు నవ్వాడు. కుర్రాడు, మంచివాడే,
అందరికీ టీ తెప్పించాడు.
"దేఖిబా" అన్నాడు.
తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది.
చూద్దాం అనే మాట
ఏ భాషలోనైనా అంతే పొడుగు.

ఆ రాత్రి రాజులమ్మ గుమ్మంలో అర్జీ మొదలెట్టాం.
"కట్టొద్దనకు. వానాకాలం మురుగు మోకాళ్లకొస్తాది.
కట్టమను, కానీ అడిగి కట్టమను."
"మేం చెప్పింది రాసుకోమను."
"రాసుకున్నది మాకు చదివి వినిపించమను."
ఆఖరి మాట ఎవరన్నారో చీకట్లో తెలీలేదు.
దాన్నే మొదట పెట్టాను.

సంతకాలు నలభై మూడు. వేలిముద్రలు పదహారు.
తలుపు నంబరు, దాని పక్కన పేరు, పేరు పక్కన సిరా.
తెల్లారి గవరయ్య కొట్టు ముందు కూర్చుని
కాగితం మడత పెడుతున్నాను.
సంతరోజు. కొండ దిగొచ్చిన సవర ఆడమనిషి
పసుపుకొమ్ముల గంప దించుకుని
అరుగు మీద ఎప్పుడూ కూర్చునే మూల కూర్చుంది.
ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాను. పేరు తెలీదు.
నీ తలుపు నంబరెంత అని అడగబోయి
నోరు మూసుకున్నాను.
నీలం గీతల కుర్రాడికీ నాకూ
తేడా ఎంత?
రెండు పళ్ల సందా?

పేరడిగాను. సొంబారి రయితా.
"నన్నెందుకు రాస్తావు? ఈ వీధి నాది కాదు గదా."
"అరుగు నీదేనమ్మా, వారానికో పూట,"
ఆకురాయి ఆపకుండా గవరయ్య.

కాగితంలో చోటు లేదు.
అంచున, నిలువుగా,
గోడెక్కే చీమల్లా రాశాను.
అది చదవాలంటే ఆఫీసరు
కాగితం తిప్పాలి,
లేదా తల వంచాలి.