నీళ్ల గిన్నె

పట్టపగలు మనుషుల దిక్కు నడిచొచ్చే నక్క
మంచిది కాదు,
ఇబ్రిల బలూచి డ్రైవర్ చెప్పిన మాట.
మా లూలుకు అదేం ఎర్క?
ఖర్జూరం పాదుల్ల పట్టి
తోక ఊపుకుంట తెచ్చింది.
ఒట్టి చేతులతోనే దాని నోరు పెకిలించిన.
పొద్దున మట్ట ముల్లు గీరిన ఏలు
అప్పుడు యాదికి రాలే.

సబ్బుతోని కడిగిన. మళ్ల కడిగిన.
ట్యాంకు నీళ్లు ఎండకు సలసల.

సూదులు ఏయించిన్రా అని డాక్టరు ఫోన్ల అడిగితే
లూలు పుస్తకం తెరిచి
ముద్రలన్నీ చదివిండు అర్బాబు.
నా ఏలు నేనే సూపెట్టిన.
"ఇయ్యాల శుక్రవారం. రేపు పోదాం."

రాత్రి, గొలుసుకు అటు అది, ఇటు నేను.
నీళ్లు ముడుతదా అని నేను దాన్ని సూస్తున్న.
నేను గ్లాసు ఎత్తినప్పుడల్లా
అది నన్ను సూస్తున్నది.