కాగితమంత సందు

ఎన్నికలైపోయాయి.
స్టేషన్ కొట్టుగదిలో గోడకు చేరబడ్డ తుపాకులు
మెడలో చీటీలతో ఒక్కొక్కటీ ఇళ్ళకు పోతున్నాయి.
వీరరాఘవులుగారిది మాత్రం ఇంటికి పోలేదు.
గోనెపట్టాలో చుట్టుకుని, లైసెన్సు పుస్తకం జేబులో పెట్టుకుని
కంకిపాడు నుంచి తిన్నగా గవర్నర్‌పేటలో
నాగుల్‌మీరా కొట్టు మెట్లెక్కారు.

కబురొస్తే నేనూ వెళ్ళాను.
ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే వడ్రంగిని.
ఇనుము ఆయనది, కర్ర నాది. పాత ఒప్పందం.

చిటికెనవేలు దూరేంత గొట్టం.
వాళ్ళ తాతగారు పులి కోసం కొన్నారట.
పులి సంగతేమో గానీ
పేల్చిన ప్రతిసారీ తాతగారే
రెండడుగులు వెనక్కి వేసేవారట.
మెడ దగ్గర, అక్రోటు కర్రలో
వెంట్రుకంత గీత. గోరు పెడితే దిగుతోంది.
"దెబ్బ తినేది వెన్ను," అన్నాడు నాగుల్‌మీరా,
"చీలేది మెడ."

నాకు బరువు తెలుసు.
పది టైర్ల లారీకి కంకర ఎత్తుతుంటే
పలకా పలకా మూలిగి సర్దుకుంటుంది.
దీని బరువు అలా రాదు.
రెప్ప పడేలోపు, మొత్తం ఒకేసారి,
తలుపు తన్నే అప్పులవాడిలా వస్తుంది.
మూలగడానికైనా కర్రకు వ్యవధి ఉండదు.

ముందు నూనె తీయాలి.
తరాల నూనె తాగిన కర్రకు జిగురంటదు.
సుద్ద తడిపి పట్టువేసి రేకుల మీద పెట్టాను.
రోళ్ళు పగిలే రోహిణి ఎండ
ఇక్కడ పగులు మాన్పడానికి పనికొచ్చింది.
సాయంత్రానికి సుద్ద పసుపయ్యేది.
దులపడం, మళ్ళీ పూయడం,
నాలుగు రోజులు,
కర్ర చెమట ఆగేదాకా.

సన్న చీల పెట్టి గీతను ఇంకాస్త విప్పితే
వీరరాఘవులుగారు మొహం తిప్పుకున్నారు.
అతకాలంటే ముందు తెరవాలి కదండీ.
పశువుల డాక్టరు సూదితో జిగురెక్కించి
సైకిలు ట్యూబు చీల్చి బిగించి కట్టాను.
తెల్లారి అడ్డంగా రెండు ఇత్తడి కడ్డీలు,
ఇనప పన్ను వెనక ఓ ఉక్కు బోల్టు.

ఇక కూర్చోబెట్టడం.
ఆముదం దీపం మసి ఇనుముకు రాసి
కర్రలోకి దించి, ఎత్తి చూస్తే
నలుపు ఎక్కడ అంటిందో అక్కడ మాత్రమే అవి కలిశాయి.
మిగతాదంతా ఉత్తుత్తి స్నేహం.
ఉలి పనికిరాదు, గాజుపెంకుతో గీకాలి.
దించు. ఎత్తు. గీకు.
వందదాకా లెక్కపెట్టి మానేశాను.
పన్ను వెనక మసి
నిండుగా పరుచుకునేసరికి రెండో వారం.

ఇంకా మిగిలిన లోటుకు ఎపాక్సీ.
ఇనుముకు ముందే మైనం పూయాలి. మరిచామా,
ఆ కాపురం విడదీయడం ఎవరి తరమూ కాదు.
పగలైతే గిన్నెలోనే బిగుసుకుపోతుందని
రాత్రి రెండింటికి కలిపాం.
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఫోను వెలుగులో, తోక వెనక
రెండు పొరల టేపు అతికించాడు నాగుల్‌మీరా.
రేపు పీకేస్తే కాగితమంత సందు మిగులుతుంది.
ఇంత చేసి, ఇక్కడ ఖాళీ ఎందుకన్నాను.
"ఇది ఆనిందా, ఇదే చీలవుతుంది.
మెడను నిలువునా కోస్తుంది.
మోసేది పన్ను. తోక కాస్త ఎడంగా ఉండాలి."

మా తమ్ముడి షెడ్డుకీ నా షెడ్డుకీ ఒకటే గోడ.
ఏమీ అనలేదు.
ఫోను కాస్త కిందికి దించి పట్టుకున్నాను.

పొద్దున చెక్కసుత్తితో ఒకటేశాను. రాలేదు.
ఇంకొకటి. నాగుల్‌మీరా పెదాలు కదులుతున్నాయి.
మూడోదానికి
టక్.

రేంజిలో వీరరాఘవులుగారు ఒక్కటే పేల్చారు.
కళ్ళజోడు ఊడిపడింది. రెండడుగులు వెనక్కి.
ఆయన భుజం రుద్దుకుంటూ ఏదో అంటున్నారు,
చెవుల్లో గింగురుమంటోంది, వినబడలేదు.
తుపాకీ అందుకుని, మెడ మీద గోరు పెట్టి
మెల్లగా లాగాను, ఈ చివర నుంచి ఆ చివరికి.
ఎక్కడా దిగలేదు.