ళ కింద ళ

పగలంతా పళ్ళు చేస్తాను.
రాజాజీనగర్‌లో మెట్ల కింద ల్యాబు,
పింగాణీ పొడి, సన్న కుంచె, ఎవరిదో తెలియని దవడ అచ్చు.
పన్నుకీ పన్నుకీ మధ్య మెతుకు ఇరుక్కోకూడదు,
అంతే నా చదువు.
రాత్రిళ్ళు అక్షరాలు చేస్తాను.
దీనికి జీతం లేదు, తిట్లు మాత్రం ఉన్నాయి.

నెలకో ఆదివారం నలుగురం కలుస్తాం,
బళేపేటలో జబీవుల్లా గారి జెరాక్స్ కొట్టు
షట్టరు సగం దించి.
బై-టూ కాఫీలు రెండు, గ్లాసులు నాలుగు.
ఎవరి కాగితాలు వాళ్ళు బల్ల మీద పరుస్తాం,
రక్తపరీక్ష రిపోర్టులు పరిచినట్టు.

మొదట నంజుండప్ప. కన్నడం గీసే మనిషి,
మన అక్షరాలకు పెదనాన్న కొడుకు.
"నీ తలకట్టు వాలిపోయి మా వీధిలోకొచ్చేసింది సార్,
పైకి లేపు,
లేకపోతే నాదేనని పట్టుకుపోతాను."
అందరం నవ్వాం. నేను కొంచెం ఆలస్యంగా.

కుముదవల్లి యలహంకలో లెక్కల టీచరు,
ఎర్ర పెన్ను మూత పంటి కింద పెట్టి మాట్లాడుతుంది.
"మ తోక కుదిరింది. య లోపల ఊపిరాడటం లేదు.
ఈ ఘ ఎవరండీ? మిగతా వాళ్ళకి చుట్టంలా లేదు,
పిలవని పెళ్ళికొచ్చినట్టుంది."
ఘ మీద మూడు వారాలు కూర్చున్నానని చెప్పలేదు.
చెప్తే జాలిపడుతుంది.
జాలితో వంపు సరికాదు.

జబీవుల్లా గారు ఏమీ అనరు.
కాగితాన్ని తలకిందులుగా గోడకంటించి
ఆరడుగులు వెనక్కి జరిగి కళ్ళు చికిలిస్తారు.
అట్లా చూస్తే భాష రాలిపోయి
నలుపూ తెలుపే మిగులుతాయట.
"ఇక్కడ చీకటి" అని వేలు పెట్టారు.
ళ కింద ళ.
పైది సర్దుకుని కూర్చోలేదు, కిందిది లేచి నిలబడలేదు.
నీళ్ళు, కళ్ళు, ఇళ్ళు,
నా పగటి కూడు పళ్ళు కూడా
ఆ చీకట్లోనే.

"ల వత్తు పెట్టి నీళ్లు అని రాసుకుంటే గొడవ వదులుతుంది" అంది కుముదవల్లి.
దాని మీద గంట. కాఫీ మీద మీగడ కట్టింది.
మొండికేశాను.
మా నాలుక ళ దగ్గరే మడతపడుతుంది,
ఆ మడతనెక్కడ దాచను?

ఏప్రిల్‌లో మా లేఅవుటు బోరు ఎండింది.
పక్క సైటులో పనివాళ్ళంతా కదిరి, పెనుకొండ వైపు వాళ్ళు.
తెలుగులో ఒక నోటీసు కావాలన్నాడు సెక్రటరీ.
నా అక్షరాలు మొదటిసారి గడప దాటాయి.
కావ్యం కాదు, శుభలేఖా కాదు:
"నీళ్ళు సాయంత్రం ఆరుకు.
మనిషికి రెండు బిందెలు."

గేటు దగ్గర ఫోను చూస్తున్నట్టు నిలబడ్డాను.
ఒకామె వచ్చింది, మోచేతుల దాకా సిమెంటు.
ఒక్కో అక్షరాన్నీ వేలితో తాకుతూ
"నీ..." అని ఆగింది.
వేలు ళ మీద. కిందికి జారింది.
కింది వరుసలో 'ని' గుడి వచ్చి
నా వత్తుకు గుచ్చుకుని ఉంది.
మళ్ళీ పైకి.
"నీ... ఏందిది, నీడనా?"
"నీళ్ళు లేక్కా" అంది పక్కామె,
కాగితం వైపు చూడకుండానే, బిందె ఊపుతూ.

నలుగురిలో ఎవరూ అంత సూటిగా చెప్పలేదు.

ఆ రాత్రి వత్తును చిన్నది చేసి కుడికి జరిపాను.
వరుసలను ఎడం చేశాను.
పళ్ళ మధ్య ఉండకూడనిది ఇక్కడ ఉండాలి,
చేతులకు ఆ తేడా తెలియడానికి రెండు దాటింది.

పొద్దున్నే కొత్త కాగితం పట్టుకెళ్తే
పాతది గోడ మీద లేదు.
మూత కింద, బిందెల పక్కన, వెనక్కి తిప్పి
బాల్ పెన్నుతో ఎవరో లెక్క రాసుకున్నారు:
ఓబులమ్మ 2, చిన్నక్క 2, మేస్త్రి 3,
కింద వంకరగా
"నీల్లు ఐపోయినాయి".

ళ లేదు. ళ వత్తూ లేదు.
మడిచి జేబులో పెట్టుకున్నాను.
ఆదివారం బల్ల మీద పరుస్తాను, ఎర్ర పెన్ను ముట్టనివ్వను.
ఆ ల కింద ఆ వత్తు
ఎంత విడిగా, ఎంత తెల్లగా నిలబడిందో
జబీవుల్లా గారు గోడకంటించి చూడాలి,
ఈసారి తిన్నగానే.