గొంతుక్కూర్చోవద్దు

మొదటి రోజు, నొప్పి ఎక్కడని అడిగితే
ఆర్లో టెంగెస్‌డాల్ మోకాలు చూపించలేదు.
కుడిచెయ్యి తీసి బల్లమీద పెట్టాడు,
అల్లం కొమ్ములా.

"ఇది డెబ్బై రెండు, ఏప్రిల్, వాన," చూపుడువేలు.
"ఇది డెబ్బై మూడు," ఉంగరంవేలు.
చిటికెనవేలికి ఏడాది గుర్తులేదు,
బంతిని దానిమీదికి మళ్లించిన బ్యాటర్ పేరుంది,
పేరుకి ముందు ఒక తిట్టుంది.

నాకు బేస్‌బాల్ తెలియదు.
మోకాళ్లు తెలుసు.
బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని
పిచర్ విసిరింది పట్టుకునేవాడు క్యాచర్ట.
జట్టులో ఎనిమిదిమందీ అటునుంచి చూసే ఆటని
తనొక్కడే ఇటునుంచి చూస్తాడట.
ఫారం వెనకవైపు లెక్క వేసుకున్నాను:
ఆటకి నూట ముప్ఫైసార్లు కూర్చోవడం, లేవడం,
ఈ ఊరి కాలేజీలో నాలుగు వసంతాలు,
ఆపైన చిన్న లీగుల్లో మూడేళ్లు.

పెద్ద లీగు నుంచి ఫోన్ ఒకసారి వచ్చింది,
అతని గదిలో ఉండే కుర్రాడికి.
ఎత్తి, "నీకేరా" అని అందించింది ఇతనే.

తిరిగి అయోవా వచ్చి కాలేజీ బస్సు తోలాడు,
ముప్ఫై ఒక్క ఏళ్లు, తను ఆడిన జట్టునే.
ఓడిన రాత్రి పిల్లలందరూ నిద్రపోతే
అద్దంలో తలలు లెక్కపెట్టుకునేవాడు.
గెలిచిన రాత్రి లెక్క
ఒక్కసారీ కుదిరేది కాదట.

మోకాలికీ బోడిగుండుకీ ముడి అని
మా భాషలో ఒక మాట ఉంది,
ఐసు కడుతూ చెప్పాను, పొంతన లేనివాటికి అంటామని.
బట్టతల నిమురుకున్నాడు, మోకాలు నిమురుకున్నాడు.
"ఎందుకు లేదూ పొంతన?
హెల్మెట్ కింద చెమటకి అదీ, దుమ్ములో కూర్చుని ఇదీ.
రెంటినీ తిన్నది ఒకటే ప్లేటు."

పదిసార్లు కాలు చాచమంటే
తొమ్మిది దగ్గర ఆపేవాడు.
పదోది, టై అయితేనే.

నేను పెట్టిన నియమం ఒక్కటే.
గొంతుక్కూర్చోవద్దు.
జారిన తాళంచెవికైనా, కాళ్లదగ్గరికొచ్చిన కుక్కపిల్లకైనా.
కాగితం మీద రాసిస్తే
ఆటోగ్రాఫ్ అడిగాననుకుని కింద సంతకం పెట్టి
నాకే ఇచ్చాడు.

మార్చిలో కాలేజీ నుంచి ఉత్తరం.
డబ్బు అనే మాట లేకుండా
డబ్బు గురించే రాసిన ఉత్తరం.
ఈ సీజనుతో జట్టు ఆఖరు.
నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు,
చదవమని ఇవ్వలేదు, చదివానా అని అడిగాడు.

ఆఖరి ఆటకి నేనూ వెళ్లాను.
పదకొండు, నాలుగు. ఓడిపోయారు.
బస్సులో తను మోసిన పిల్లలు కొందరు
తమ పిల్లల్ని మోసుకొచ్చారు.
జనం పల్చబడ్డాక ఎవరో పార తెచ్చి
హోమ్ ప్లేట్ తవ్వి ఇస్తాం, ఇంటికి పట్టుకెళ్లు అన్నారు.
"వద్దు," అన్నాడు,
"గుంట పడుతుంది. ఎవరి మడమైనా మెలిపడుతుంది."
ఇక ఎవరు పరిగెత్తుతారని
ఎవరూ అడగలేదు.

టోపీ తీసి దానిమీది మట్టి తుడిచాడు.
వెనక్కి రెండడుగులు.
నోటిదాకా వచ్చింది నాకు, ఆ ఒక్క నియమం.

కూర్చున్నాడు.

చాలా నెమ్మదిగా, పాత ఇల్లు నేలలోకి దిగినట్టు.
తొడల మధ్య వంకరవేళ్లు రెండు కిందికి చాచి
ఎవరూ లేని మట్టిదిబ్బకి ఏదో సైగ చేశాడు.
అవతల కంచె దాటి
చీలమండంత మొక్కజొన్న.
నేను లోపల లెక్కపెడుతున్నాను, తొమ్మిది దాకా.
పదికి నా చెయ్యి అందించాను.

మంగళవారం వచ్చాడు, మోకాలు గుమ్మడికాయ.
ఏమైనా కొత్తగా చేశారా, ఫారంలో ఉన్న ప్రశ్న,
అడగాలి కాబట్టి అడిగాను.
"ఏం లేదు," అన్నాడు, పైకప్పు చూస్తూ.

ఏం లేదు,
అని రాశాను.