తాలింపు లేని పులుసు

లోర్నా,
నిన్న నీ పులుసు పెట్టాను.

చింతకాయలు మొన్న గాలికి రాలినవి.
ఇంకా గింజ కట్టలేదు, గోరు దిగితే పచ్చగా జిగురు.
సాల్మియాలో నువ్వు పొట్లం చింపి పొడి కలిపేదానివి.
కలిపిన ప్రతిసారీ
"ఇది కాదు, చెట్టుది, చెట్టుది" అని
లేని కొమ్మను చేత్తో వంచి చూపించేదానివి.
ఆ కొమ్మ ఇక్కడుంది. సఖినేటిపల్లిలో,
కాలవ గట్టున, మా దొడ్డి గోడ మీదికి వాలి.

తూటికూర కోసం మోకాలి లోతు దిగాను.
గట్టు మీంచి కరుణమ్మొదిన నవ్వింది:
"గేదెకా, పందులకా?"
"మనుషులకే" అన్నాను.
మీ ఊళ్ళో దీన్ని కట్టలు కట్టి అమ్ముతారని చెబితే
కువైట్ వెళ్ళొచ్చి కోతలు కోస్తున్నాననుకుంది.

బంగారమ్మ రేవు నుంచి తెచ్చిన రొయ్యలు
మీసాలతోనే ఉన్నాయి. తలలు తీయనివ్వలేదు నేను.
తలలోనే కదా రుచంతా అని
నువ్వు వేళ్ళు జుర్రుకుంటుంటే
మొదటి నెల మొహం తిప్పుకున్నదాన్ని.
రెండో నెల నుంచి వాటా అడిగాను.

బియ్యం కడిగిన రెండో నీళ్ళు ఎసరు.
ఉల్లిపాయ నాలుగు చెక్కలు, నాటు టమాటా,
ముల్లంగి చక్రాలు, చేమదుంప,
జానెడు అలసంద కాయలు, ముళ్ళొంకాయ ఒకటి,
మిరపకాయలు విరవకుండా, తొడిమలతో.
చింతకాయ ఉడికించి, పిసికి, వడగట్టి.
నీ చేపనీళ్ళ సీసా ఇక్కడెక్కడ దొరుకుతుంది?
ఎండు నెత్తళ్ళు నానేసి ఆ నీళ్ళు పోశాను.
దగ్గరదగ్గరగా ఆ వాసనే. వంటగదిలో రెండు నిమిషాలు
నువ్వు నా వెనకే నిలబడ్డావు.

పసుపు వెయ్యలేదు. కారం వెయ్యలేదు.
చెయ్యి మాత్రం రెండుసార్లు పోపులపెట్టె దాకా వెళ్ళింది.

నీకూ నాకూ మధ్య మాటలెన్ని ఉండేవి?
అరబ్బీవి ఇరవై, అవీ మేడమ్ తిట్టగా వచ్చినవి.
"హామిద్" అనేదానివి. "పుల్లన" అనేదాన్ని.
చివరికి ఇద్దరం ఒక కన్ను మూసి
నాలుక టక్కుమనిపించేవాళ్ళం, అదే సరిపోయేది.
మేడమ్ ఎడారి గుడారాలకెళ్ళిన శుక్రవారాలు
నేల మీద కూచుని ఒకే గిన్నెలోంచి తింటూ
మీ చిన్నది నడిచిందని ఏడ్చావు. ఫోన్లో నడిచింది.
నేనెందుకు ఏడ్చానో గుర్తులేదు.
పులుపుకే అయ్యుంటుంది.

మా అత్త దయామణి గిన్నె ముందుకు లాక్కుని
"జొరమొచ్చినోళ్ళ పత్తెమా ఇది? నూనె చుక్క లేదు" అంది.
ఒక గరిటె.
ఒక కన్ను దానంతటదే మూసుకుంది.
నేనేం మాట్లాడలేదు, లోర్నా.
"ముల్లంగి ముక్క ఇంకోటుందేంటే" అని ఆవిడే అడిగింది.

నీ నంబరుకి ఫొటో పెట్టాను. ఒకే టిక్కు పడింది.
పోయిన క్రిస్మస్ నుంచీ ఒకటే పడుతోంది.
ఇల్లు మారావేమో. దేశమే మారావేమో.
ఏ ఇంట్లో ఉన్నా అక్కడి పొయ్యి నీ మాట వింటే చాలు.

ఒక తప్పు ఒప్పుకోవాలి.
ఇవాళ పొద్దున్న మిగిలినదాన్ని వేడిచేసి
ఆవాలు, ఎల్లిపాయ, ఎండుమిరపకాయ, ఇంత కరేపాకు వేసి
చుయ్యిమనిపించాను. చద్దన్నంలోకి.
నువ్వుంటే గరిటె విసిరేదానివి.
విసిరి, ఒక ముద్ద రుచి చూసి,
ఇంక గిన్నె నాకిచ్చేదానివి కాదు.